వైకుంఠం పైన ఏడు వరుసలు

పాము మీద పడుకొని, పాముకు భయపడే మనల్ని చూసి చిరునవ్వు నవ్వే ఆ శ్రీమన్నారాయణుడికి ముందుగా వెయ్యి నమస్కారాలు. తెలివి తక్కువైనవాళ్లను చెయ్యి పట్టుకొని నడిపించేవాడు ఆయనే, తెలివి ఎక్కువైనవాళ్లకు గడ్డి పెట్టేవాడూ ఆయనే. ఈ రెండో పని నా విషయంలో ఆయన ఎంత ఓపికగా, ఎన్ని శనివారాలపాటు చేశాడో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

చదివేవారు కాస్త గుండె దిటవు చేసుకోండి. ఇందులో ఒక ముసలావిడ వైకుంఠం దాకా వెళ్లి కింద పడిపోతుంది. తోసింది నేనే.

ఎనభైలలో మాట. బొంబాయిలో, కామాటిపుర పదో గల్లీలో మా చాల్, గదులన్నీ వరసగా ఉండే పాత బిల్డింగు. మా తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరికి మేడలు కట్టారు. కట్టడం అయ్యాక తాము మాత్రం పది అడుగుల ఖోలీల్లో సర్దుకున్నారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పుస్తకాలు బైండింగు చేసే కార్ఖానాలో పని. చేతికి ఎప్పుడూ మైదా జిగురు, నోటికి ఎప్పుడూ పురాణం. ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఎంత ప్రమాదమో అప్పటికి ఎవరికీ తెలియదు.

మా చాల్ కింది వరండాలో ప్రతి శనివారం సాయంత్రం భజన. నడిపేది సాయన్న గురువుగారు. పగలు మేస్త్రీ పని, సాయంత్రం హార్మోనియం. ఇటుక వరుస ఎంత తిన్నగా పెట్టేవారో, పురాణం కూడా అంత తిన్నగా చెప్పేవారు. భజనకు జనం చేరడానికి ఆయనే ఒక ఉపాయం చేశారు. భజనకు గంట ముందు వైకుంఠపాళీ పటం పరిచి ఆడించేవారు. ఆరు గవ్వలు, మనిషికొక కాయ. నిచ్చెన దొరికితే పైకి, పాము మింగితే కిందికి. అన్నిటికంటే పైన స్వామి బొమ్మ ఉన్న గడి. అదే వైకుంఠం. అక్కడికి చేరితే ఆట అయిపోయినట్టే.

చిక్కంతా ఆ అయిపోవడంలోనే ఉంది. వైకుంఠం చేరినవాళ్లు లేచి ఇంటికి వెళ్లిపోయేవారు. అందరికంటే ముందు లేచేది పై అంతస్తులో ఉండే పోశవ్వ. ఆమెకు గవ్వలంటే చేతి వేళ్లే, చెప్పినట్టు వినేవి.

"పోశక్కా, భజన?" అని అడిగేవాణ్ణి.

"నాకు వైకుంఠం అయిపాయె గదరా! ఇగ నాకు భజనెందుకు? పాము మింగినోళ్లు జేసుకోండ్రి," అని కొంగు దులుపుకొని రొట్టెలు చేసుకోవడానికి పోయేది.

అంటే ఏమైంది? మోక్షం దొరికినవాళ్లంతా పొయ్యి దగ్గర. పాము మింగినవాళ్లు మాత్రమే "ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట" అంటూ ఉండిపోయి, చివరికి భజనలో చిక్కుకునేవారు. పాము నోట్లోంచి అప్పుడే బయటపడ్డ ముఖాలతో తాళాలు వాయిస్తే ఆ సంకీర్తన ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

గురువుగారికి ఆ దిగులు లేదు. "నలుగురు ఉంటే నలుగురితోనే పాడుదాం," అనేవారు. దిగులంతా నాది. తొలి ఏకాదశికి ముందు శనివారం వర్లి భజన మండలి మా దగ్గరకు వస్తానని కబురు పంపింది. వర్లిలో మనవాళ్ల భజనకు మెట్ల మీద కూడా చోటు దొరకదని ప్రతీతి. వాళ్లు వచ్చి మా నలుగురినీ చూస్తే? వైకుంఠం చేరాక కూడా మనుషులు కూర్చుని ఉండేలా ఏదో ఒకటి చెయ్యాలి. ఆట ముగిసిన తరువాత కూడా ఆట ఉండాలి!

ఇక్కడ బాలమ్మత్త గురించి చెప్పాలి. ఆవిడ లేకపోతే నా తెలివి అలాగే వెలిగిపోతూ ఉండేది.

బాలమ్మత్త మా పక్క ఖోలీ. ముప్పై ఏళ్లు తల మీద కాంక్రీటు తట్ట పెట్టుకొని వెదురు నిచ్చెనలెక్కిన మనిషి. మా గల్లీలో అందరూ వైకుంఠం చూసినవాళ్లే, ఆవిడ తప్ప. నిచ్చెనలన్నీ దొరికేవి, పైవరుస దాకా చకచకా వెళ్లేది. అక్కడ నోరు తెరుచుకొని ఉన్న పెద్ద పాము ఆవిడ కోసమే పుట్టినట్టు మింగేసేది. ఒకసారి అలా జారి మొదటి గడిలో పడ్డప్పుడు అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. "వైకుంఠం జూసేదాక చాయ ముట్ట!"

అయ్యా, ఇది చిన్న మాట అనుకోకండి. బొంబాయిలో అన్నం మానేసి బతకవచ్చు. చాయ్ మానేసి బతకడం మాత్రం మునులకే సాధ్యం. బాలమ్మత్త నాలుగేళ్లు బతికింది. చాల్‌లో ఎవరి స్టవ్ మీద చాయ్ మరిగినా ఆవిడ ముఖం అటు తిప్పి, కళ్లు మూసుకొని, వాసన మాత్రం పూర్తిగా పీల్చుకునేది. వాసన మానేస్తానని ఒట్టు పెట్టుకోలేదు కదా.

ఇక నా ఘనకార్యం. వరసగా మూడు ఆదివారాలు కూర్చుని కార్ఖానాలో మిగిలిన అట్ట మీద పాత కేలండరు పేజీలు తిరగేసి అతికించి, వైకుంఠానికి పైన ఏడు వరుసలు గీశాను. వైకుంఠానికి ఏడు ద్వారాలని గురువుగారు చెప్పగా విన్నానా, వరుసకు ఒక ద్వారం. చిట్టచివరి గడిలో స్వామిని గీసే ధైర్యం లేక కేలండరు నుంచి కత్తిరించి అతికించాను. ఆట రుచిగా ఉండాలని ప్రతి ద్వారంలోనూ ఒక పాము. మొదటి ద్వారం మూడో గడిలో ఉన్న పాము మీద నాకు ఎక్కువ ప్రేమ. దానికి పసుపు చుక్కలు పెట్టాను. తోకను అట్టకు అంటించిన పొడుగాటి గుడ్డ పీలికతో చేశాను. అది అసలు పటం మీదుగా వెళ్లి మొట్టమొదటి గడిలో ఆగుతుంది. పాము పక్కన నా అందమైన అక్షరాలతో 'గర్వం' అని రాశాను. వైకుంఠం చేరినవాడికి గర్వం వస్తుంది కదా, అందుకని. ఎవరి గర్వం అని మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

ఎవరికీ చెప్పలేదు. అట్టను చాప చుట్టినట్టు చుట్టి, దారం కట్టి, ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. ఎవరైనా వైకుంఠం చేరగానే దారం లాగుతాను, జనం నోళ్లు తెరుస్తారు, గురువుగారు నా వీపు తడతారు. ఎట్లాగూ మొదట చేరేది పోశవ్వే కదా!

శివరాత్రి దాటాక వచ్చిన మొదటి శనివారం. పోశవ్వను ఆ రోజు మూడు పాములు మింగాయి. బాలమ్మత్త కాయ, అరిగి తెల్లబడ్డ చింతగింజ, పెద్ద పామును దాటేసింది. నాలుగేళ్లలో మొదటిసారి. వైకుంఠానికి ఇంకా రెండు గళ్లు.

"రెండు పడాలె," అంది బాలమ్మత్త.

గవ్వలు దొర్లాయి. రెండు పడ్డాయి.

వరండా అంతా ఒక్కసారిగా అరిచింది. బాలమ్మత్త చింతగింజను రెండు వేళ్లతో ఎత్తి, కళ్లకద్దుకొని, స్వామి బొమ్మ మీద పెట్టింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పోశవ్వ పరుగున వెళ్లి అల్లం వేసి, చక్కెర దండిగా వేసి గ్లాసు నిండా చాయ్ తెచ్చింది.

"తాగత్తా! నాలుగేండ్ల చాయ ఒక్కపారే తాగు!"

బాలమ్మత్త గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకుంది. సరిగ్గా ఆ క్షణంలో, నన్ను కన్న తల్లి క్షమించుగాక, నేను లేచి నిలబడి చెయ్యి ఎత్తాను.

"ఆగత్తా! ఇంకా అయిపోలేదు!"

దారం లాగాను. అట్ట వైకుంఠం అంచు నుంచి మొదలై దొర్లుకుంటూ వెళ్లి గురువుగారి మోకాలికి తగిలి ఆగింది. పాము తోకను కింద మొదటి గడి దాకా జాగ్రత్తగా పరిచాను.

అనుకున్నట్టే అందరూ నోళ్లు తెరిచారు. నేను దాన్ని ఆశ్చర్యం అనుకున్నాను.

"ఏందిరా ఇది?" అంది పోశవ్వ.

"ఏడు ద్వారాలక్కా. వైకుంఠం లోపలికి పోవాలంటే ఇవి దాటాలె."

"గా పైన బొమ్మ ఎవరు?"

"స్వామి."

"మరి కిందున్నాయన? డుప్లికేటా?"

జనం నవ్వారు. బాలమ్మత్త నవ్వలేదు. గ్లాసు కింద పెట్టింది.

"ఇంకెంతున్నదిరా నర్సిగా?"

"ఎక్కువ లేదత్తా. ఏడు వరుసలే."

"తాగత్తా, పోరడు పాగల్ అయిండు!" అని పోశవ్వ అరిచింది. బాలమ్మత్త వినలేదు. గవ్వలు చేతిలోకి తీసుకుంది. ఆవిడ పని మనిషి; ఇంకా ఏడు అంతస్తులున్నాయని మేస్త్రీ చెబితే తట్ట ఎత్తడమే తెలుసు. గవ్వలు వేసింది.

మూడు.

పసుపు చుక్కల పాము. నా పాము. నా అందమైన అక్షరాలు.

చింతగింజ ఏడు ద్వారాల ముంగిట నుంచి తోక వెంబడి జారి, వైకుంఠం దాటి, నిచ్చెనలన్నీ దాటి, మొదటి గడిలో పడింది. వేరెవరూ జరపలేదు, ఆవిడే జరిపింది. పక్కన గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టడం అందరం కూర్చుని చూశాం.

అప్పుడు బాలమ్మత్త అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ముప్పై ఏండ్లల్ల ఎన్ని బిల్డింగులెక్కిననో లెక్కలేదు బిడ్డా. ఎక్కిన ప్రతిదీ పొద్దుమూకంగనే దిగిన. గిదొక్కటి దిగే పనిలేదనుకుంటి."

తరువాత లేచిన గొడవ ఫాక్‌లాండ్ రోడ్డు దాకా వినపడి ఉంటుంది. ఒకరు నా చెవి పట్టుకున్నారు, ఒకరు అట్ట పట్టుకున్నారు. ఇంత జరుగుతున్నా, నాలోని పండితుడు చావలేదు చూడండి!

"గురువుగారూ, శాస్త్రం ఉంది! వైకుంఠం ద్వారపాలకులే అక్కడి నుంచి కింద పడ్డారు. మీరే చెప్పారు. కాబట్టి అక్కడ పాము ఉండవచ్చు!"

గురువుగారు హార్మోనియం మూసి నా వైపు చూశారు. అటువంటి చూపు వంకర ఇటుకకు మాత్రమే దొరుకుతుంది.

"వాళ్లు ఎందుకు పడ్డరు నర్సింలూ?"

"గడప దగ్గరికి వచ్చిన భక్తుల్ని అడ్డగించి..." సగంలో ఆగిపోయాను.

"ఆఁ. చెప్పు. ఆగినవెందుకు?"

గడప దగ్గరికి వచ్చిన భక్తురాలిని చాయ్ గ్లాసుతో సహా అడ్డగించింది ఎవరో వరండా అంతటికీ తెలుసు.

"ఇంతకూ ఇదంతా ఎందుకు జేసినవ్?"

"వైకుంఠం చేరినవాళ్లు ఇంటికి పోకుండా భజనకు కూర్చుంటరని..."

గురువుగారు నుదురు కొట్టుకున్నారు. "పిచ్చోడా! వైకుంఠం చేరినోళ్లు ఆడ ఏం జేస్తరు? ఎప్పటికీ స్వామిని పాడుకుంట కూసుంటరు. భజనే జేస్తరు! గా ఒక్క ముక్క పోశవ్వకు చెప్తే అయిపోయేది గదరా. దానికి ఏడు వరుసలెందుకు, గీ పాములెందుకు?"

మూడు ఆదివారాలు, సేరు మైదా, పన్నెండు నెలల కేలండరు. ఒక్క వాక్యంతో అయిపోయే పని.

"బాలమ్మా, నువ్వు చేరినట్టే. చాయ తాగు," అని గురువుగారు తీర్పు చెప్పారు. నేను అట్ట చింపబోయాను.

"చింపితే చెయ్యిరగ్గొడ్త!" బాలమ్మత్త లేచింది. "పడ్డది పడ్డట్టే. బతిమిలాడి తెచ్చుకున్న వైకుంఠం నాకొద్దు. మల్ల ఎక్కుత. ఏడు ద్వారాలు గూడ ఎక్కుత. కాని నేను ఎక్కేదాక నువ్వు గూడ చాయ ముట్టొద్దు. ఒట్టు వెయ్యి."

"నేనెందుకత్తా?"

"తోడుకురా బిడ్డా. ఒక్కదాన్నే నాలుగేండ్లుంటి."

వరండా అంతా నా వైపు చూసింది. ఒట్టు వేశాను.

ఆ తరువాతి నెలల గురించి రాయాలంటే ఇప్పటికీ తలనొప్పి వస్తుంది. కార్ఖానాలో నాలుగు గంటలకు అందరికీ కటింగ్ వచ్చేది. సగం గ్లాసు చాయే అయినా, దాని వాసన మాత్రం పూర్తి గ్లాసుది. నేను అటు ముఖం తిప్పి, కళ్లు మూసుకొని పీల్చేవాణ్ణి. వాసన సంగతి ఒట్టులో లేదు. బాలమ్మత్త నాలుగేళ్లు అలా ముఖం ఎందుకు తిప్పేదో నాకు మూడో రోజుకే తెలిసింది. ఐదో రోజుకు ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పదో రోజున ఫాక్‌లాండ్ రోడ్డు మూలన హోటల్లో ఒక గ్లాసు చేతిలోకి తీసుకున్నాను కూడా. వెనక నుంచి బజారుకు వెళుతున్న పోశవ్వ గొంతు వినిపించింది.

"నర్సిగా! అత్త ఏ ద్వారంల ఉన్నదిరా?"

గ్లాసు దించేశాను. హోటలతను నన్ను ఈగ పడిందేమో అన్నట్టు చూశాడు.

ఇక ఓర్చుకోలేక ఒక శనివారం పసుపు చుక్కల పాము మీద తెల్ల కాగితం అతికించాను. బాలమ్మత్త గవ్వలు వెయ్యబోతూ ఆగింది.

"పామేదిరా?"

"అది... పోయిందత్తా."

"యాడికి పోయింది? మొన్నటిదాక నోరు తెరుసుకొని ఉండె గద. తియ్యి గా కాయితం."

తీశాను. ఆ పూటే అది ఆవిడను ఇంకోసారి మింగింది.

కానీ వింత చూడండి. నేను ఏది కోరి ఆ అట్ట గీశానో అది జరిగిపోయింది! బాలమ్మత్త ఎంతదాకా ఎక్కిందో చూడడానికి రెండో గల్లీ నుంచి, పద్నాలుగో గల్లీ నుంచి జనం రావడం మొదలైంది. పోశవ్వ రెండో ద్వారంలో ఇరుక్కుపోయి, "నా రొట్టెలు పాడుగాను!" అంటూ కదలలేదు. ఆట గంటలో అయ్యేది కాదు కాబట్టి గురువుగారు ఎక్కడి కాయలు అక్కడే ఉంచి భజన అయ్యాక ఆడమని హార్మోనియం తీసేవారు. కాయను వదిలి వెళ్లలేక అందరూ భజనలో కూర్చునేవారు. ఇక నా భజన అడగకండి. అంతకుముందు నేను స్వామిని స్వామి కోసం పాడేవాణ్ణి అనుకునేవాణ్ణి. ఆ నెలల్లో మాత్రం, "తండ్రీ, ఆమెకు నిచ్చెన చూపించు" అని కన్నీళ్లతో పాడాను. నా భక్తి చూసి గురువుగారు ఆశ్చర్యపోయారు. అందులో అల్లం, యాలకులు ఎంత ఉన్నాయో ఆయనకు తెలియదు.

మామిడిపళ్లు వచ్చి పోయాయి. వానలు వచ్చాయి. తొలి ఏకాదశి ముందు శనివారం గొడుగులు దులుపుకుంటూ వర్లి మండలి దిగింది. వాళ్లకు కూర్చోవడానికి వరండాలో చోటు లేదు. మెట్ల మీద కూడా లేదు. నా గుండె ఉప్పొంగాలి. ఉప్పొంగలేదు, నేను చింతగింజను చూస్తున్నాను. అది ఏడో ద్వారంలో, చివరి గడికి ఒక్క గడి దూరంలో ఉంది. దాని వెనక గడిలోనే నేను గీసిన చివరి పాము నోరు తెరుచుకొని ఉంది. ఒకటి పడితే స్వామి. ఇంకేది పడినా వెనక్కి అడుగు, పాము నోట్లోకి. ఆ నియమం కూడా నేను పెట్టిందే లెండి.

బాలమ్మత్త గవ్వలు చేతుల్లో ఊపింది. "అందరు ఊపిరి పట్టుకోండ్రి," అంది. వర్లి వాళ్లు కూడా పట్టుకున్నారు.

గవ్వలు దొర్లాయి. ఐదు బోర్లా పడ్డాయి. ఆరోది పడలేదు. బొంగరంలా తిరుగుతోంది. తిరిగి, తిరిగి, హార్మోనియం పెట్టెకు తగిలి, వెల్లకిలా పడుకుంది.

ఒకటి!

వానను మించి అరిచాం. వర్లి మండలి పెద్ద మనిషి ఏమీ అర్థం కాకపోయినా నన్ను కౌగిలించుకున్నాడు. పోశవ్వ ఏడుస్తూ నవ్వుతూ రెండు గ్లాసులు తెచ్చింది. బాలమ్మత్త ఒక గుటక వేసి కళ్లు మూసుకుంది. నేనూ వేశాను. అంత వేడిగా, అంత తియ్యగా, నోరు కాలుతున్నా ఉమ్మబుద్ధి కాని ఆ గుటక రుచి ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఎట్లున్నదత్తా?"

"మంచిగున్నది." ఇంకో గుటక. గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకొని, స్వామి మీద కూర్చున్న చింతగింజ వైపు చాలాసేపు చూసింది. ముఖంలో ఏదో వెలితి.

"నర్సిగా. మరి వచ్చే శనివారం నేనేం జెయ్యాలెరా?"

"భజన చెయ్యత్తా. వైకుంఠంలో చేసేది అదే కదా. గురువుగారు చెప్పలేదా?"

"భజన ఎట్లాగు జేస్త. అది గాదు." వేలితో చివరి వరుస పైనున్న ఖాళీ నేల చూపించింది. "గీడ జాగ ఉన్నది గద. ఇంకో ఏడు వరుసలు గియ్యి."

గ్లాసు కింద పెట్టేశాను. గురువుగారి వైపు చూశాను. ఆయన హార్మోనియంలో ఏదో పోగొట్టుకున్నట్టు తల వంచి వెతుకుతున్నారు. భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి.

"నేనైతే ఈపారి ఆకువక్క ఇడుస్త," అంది బాలమ్మత్త ఉత్సాహంగా. "నువ్వు జెప్పు బిడ్డా, అన్నం ఇడుస్తవా, రొట్టె ఇడుస్తవా?"

ఆ క్షణంలోనే, సగం తాగిన చాయ్ గ్లాసు మీద చెయ్యి పెట్టి, పాలమూరు నుంచి బొంబాయి దాకా ఉన్న సమస్త దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో గాని, ముందు రాబోయే ఎన్ని జన్మలలో గాని, స్వామి ముగింపు అని చెప్పినచోట నేను పెన్సిలుతో కూడా గీత గీయను. వైకుంఠం గడప మీద చాయ్ గ్లాసుతో నిలబడ్డవాళ్లను పలకరించను. పసుపు రంగు కొనను. ఈ ప్రతిజ్ఞ నిలబెట్టుకునే శక్తి నాకు ఒక్కడికే ఉందన్న నమ్మకం లేదు. కాబట్టి చదివిన మీరందరూ ఒక్కసారి చేతులు జోడించి నాతో కలిసి అనండి: నారాయణా, మేము ఎక్కవలసిన నిచ్చెనలు నువ్వే వెయ్యి, మా చేతికి మాత్రం జిగురు ఇవ్వకు.